ఇరవై సెకన్ల ఖాళీ

ఫ్రిజ్ ఆపేస్తే పాలు విరిగిపోతాయని మా అత్తగారి భయం. పదకొండు నిమిషాలకే విరిగిపోయే పాలు ఎక్కడా ఉండవని ఏడేళ్లుగా చెబుతున్నాను. అయినా నేను స్విచ్ దగ్గరికి వెళ్లడం చూడగానే ఆవిడ "మళ్లీ మొదలుపెట్టావా అమ్మాయ్" అని నిట్టూర్చి, ఆ పాలకి కాపలా అన్నట్టు ఫ్రిజ్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఫ్రిజ్ తర్వాత ఫ్యాన్లు ఆపాలి. ఆ తర్వాత వీధివైపు కిటికీ వెయ్యాలి. ఇవన్నీ అయ్యాక పడగ్గదిలోకి వెళ్లి, బట్టల అల్మారా తలుపులు రెండూ తీసి, వేలాడే బట్టల మధ్యకి తల దూర్చి, ఫోన్లో రికార్డర్ నొక్కి, నాలుగో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతాను. గదిలో మాట్లాడితే గొంతు గోడలకి కొట్టుకుని మోగుతుంది. బట్టలైతే పీల్చుకుంటాయి. మా ఇంట్లో నా మాటని ఆ మాత్రం శ్రద్ధగా తీసుకునేవి అవే.

బడులకి ఆన్‌లైన్ పాఠాలు తయారుచెయ్యడం నా ఉద్యోగం. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో, బొమ్మ ఎప్పుడు కదలాలో, పిల్ల తప్పు జవాబు నొక్కితే మనసు చిన్నబుచ్చుకోకుండా ఏం చెప్పాలో అన్నీ నేనే రాస్తాను. రాసింది ఒకసారి నా గొంతుతో చదివి పంపాలి. దాన్ని గైడ్ వాయిస్ అంటారు. బొమ్మలు వేసేవాళ్లు అది వింటూ బొమ్మల్ని కదుపుతారు. అంతా కుదిరాక నా గొంతు తీసేసి, స్టూడియోలో ఒక తేనెగొంతు అమ్మాయి చేత అవే మాటలు చదివించి పెడతారు. కచ్చాకుట్టు లాంటిదన్నమాట. అసలు కుట్టు పడ్డాక పీకేస్తారు. "పోనీలే, నీ గొంతు వినే శిక్ష మా వరకే ఉంది, పిల్లలకి తప్పింది" అని మావారు నలుగురిలో అంటే నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే జోకు కూడా అర్థం కాదంటారు.

మావారు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఆయనది చదువు చెప్పడం, నాది "బొమ్మల పని". ఆయన సాయంత్రం వచ్చి కూర్చుంటే అది అలసట. నేను కూర్చుంటే "ఇంట్లోనే ఉన్నావు కదా". ఈ మూడు మాటలకి ఉన్న బలం ఇంతా అంతా కాదు. ఇంట్లోనే ఉన్నావు కదా, గ్యాసు సిలిండర్ వస్తుంది చూడు. ఇంట్లోనే ఉన్నావు కదా, అమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఇంట్లోనే ఉన్నావు కదా, నా చొక్కాలకి గుండీలు ఊడిపోతున్నాయి, చూసుకోవద్దూ? ఆఫీసు మీటింగులో నేను కెమెరా పెట్టుకుని భిన్నాల గురించి మాట్లాడుతుంటే, కెమెరాకి అందని పక్కనుంచి అత్తగారు మాత్రల డబ్బా పైకెత్తి ఊపుతుంది. నేను మాట ఆపకుండా, మొహం తిప్పకుండా, చెయ్యి మాత్రం చాచి మూత తీసిపెడతాను. ఇలాంటి విద్యలు ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఈ ఏడేళ్లలో నాదంటూ నేను గెలుచుకున్నది ఒక్కటే ఉంది. ఇరవై సెకన్ల ఖాళీ. మా పాఠాల్ని ముందుగా ఒక బడిలో పిల్లల మీద పరీక్షిస్తాం. అక్కడి నాలుగో తరగతి టీచరు ఒకరోజు నా మొహం మీదే అంది. "మీ పాఠాలకి ఊపిరి ఆడదు మేడమ్. ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరిచేలోపు మీరే జవాబు చెప్పేస్తారు." ఆ మాటకి రెండు రోజులు ఉడుక్కున్నాను. మూడో రోజు ఆవిడ క్లాసులోనే వెనక బెంచీలో కూర్చుని, వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను. ఎనిమిదింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా అని ఆవిడ అడిగితే, ఎనిమిది పెద్దది కాబట్టి అదే పెద్దదని పిల్లలందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. తలా ఒక కాగితం ఇచ్చి మడవమంది. ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఇరవై సెకన్లయ్యేసరికి ఒక్కొక్క మొహమే వెలగడం మొదలైంది. ఆ నిశ్శబ్దాన్ని పాఠంలో పెట్టాలని నేను ఆఫీసుతో ఆరు నెలలు పోట్లాడాను. "మేడమ్, ఇరవై సెకన్లు ఏమీ వినిపించకపోతే నెట్ పోయిందనుకుంటారు" అని మా టీమ్ లీడ్ తల పట్టుకున్నాడు. అతను నాకన్నా పదేళ్లు చిన్న, మంచివాడే, గొడవలంటే మాత్రం పడదు. చివరికి ఒప్పుకున్నాడు. భిన్నాల పాఠంలో "ఇప్పుడు నువ్వు మడిచి చూడు" అన్న మాట తర్వాత మొట్టమొదటి ఖాళీ పెట్టాం.

ఆ పాఠాన్ని బడిలో పరీక్షించింది గురువారం. కంప్యూటర్ గదిలో ఇరవైఆరుమంది పిల్లలు. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతుల్లో పొడుగాటి కాగితం ముక్కలు. పాఠం తయారుచేసినవాళ్లు వెనక కూర్చుని చూడాలే తప్ప నోరు విప్పకూడదన్నది మా నియమం. సాయం చెయ్యకూడదు, సర్దిచెప్పకూడదు. పిల్లలు ఏం చేశారో, ఏం అన్నారో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. నేను పుస్తకం, పెన్ను పట్టుకుని గోడ పక్కన కూర్చున్నాను. పిల్లలందరూ మొదటి మడత పెట్టారు. రెండో మడత పెట్టారు. ఖాళీ వచ్చే వేళయింది. మొహాలు వెలుగుతాయని చూస్తున్నాను.

వెలగలేదు. చేతులు ఆగిపోయాయి. ఒకడు హెడ్‌ఫోన్ నొక్కిపట్టుకుని పక్కవాడి వైపు చూశాడు. ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. పాఠాన్ని వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. ముందు వరసలో ఒక పిల్లాడు లేచి, రెండు చేతులూ నలుపుకుంటూ, సన్నగొంతుతో "సారీ అండీ, వచ్చేస్తున్నానండీ, నాదే తప్పండీ" అని నటించి చూపించాడు. గదంతా ఘొల్లుమంది.

నా పెన్ను ఆగిపోయింది. ఆ "అండీ"ల వరస నాకు తెలుసు. లేచి, ఖాళీగా ఉన్న హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకున్నాను. తేనెగొంతు అమ్మాయి "ఇప్పుడు నువ్వు మడిచి చూడు" అంది. ఆ తర్వాత, కాస్త దూరంనుంచి, మావారి గొంతు. "ఏమే! చెవులు పనిచెయ్యడం లేదా? ఎన్నిసార్లు పిలవాలి? ఇంట్లో ఒక్క పని సరిగ్గా చెయ్యడం రాదు గానీ లోకానికి పాఠాలు చెబుతుందట. మొద్దు మొహం!" ఆ వెంటనే చెవిలో చెప్పినంత దగ్గరగా నా గొంతు. పిల్లాడు ఒక్క అక్షరం తప్పకుండా నటించాడు.

ఎలా జరిగిందో అక్కడికక్కడే అర్థమైంది. స్టూడియో అమ్మాయి మాటలు మాత్రమే చదువుతుంది. ఖాళీలో చదవడానికి ఏమీ లేదు కాబట్టి నేను రికార్డర్ ఆపకుండా వదిలిన ఆ ఇరవై సెకన్ల ముక్కే అక్కడ ఉండిపోయింది. దాన్ని ఎవరూ వినలేదు. ఎందుకంటే మాలో ఎవరూ ఖాళీని వినరు. తనిఖీ చేసేవాళ్లమందరమూ, నాతో సహా, ఏమీ లేనిచోట ఇరవై సెకన్లు ఎందుకు దండగని దాటవేశాం. మొదటిసారి ఖాళీ పెట్టినవాళ్లం కదా, దానికి కూడా కాపలా ఉండాలని తెలియదు.

అంతకన్నా నన్ను కుంగదీసింది ఇంకోటి. అది ఏ రోజుదో నాకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా రాలేదు. ఏ పని చెడిందని తిట్టాడు? పొద్దున్నా, సాయంత్రమా? అల్మారాలోంచి తల బయటికి తీసి ఎటు పరిగెత్తాను? ఏమీ తట్టలేదు. మరిచిపోవడానికి పెద్ద కష్టపడ్డానని కూడా కాదు. అలాంటివి గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటే పనులు తెమలవు.

టీచరు పిల్లల్ని కసిరి కూర్చోబెట్టింది. అప్పుడు కనిపించింది మూల సీటులో ఒక పిల్ల. రెండు జడలకి రిబ్బన్లు, తల వంచుకుని ఉంది. కాగితం బల్లమీద లేదు. టీచరు వెళ్లి అడిగితే బల్ల కిందనుంచి తీసింది. పిడికిట్లో నలిపేసి ఉంది. "నేను తప్పుగా మడిచాను టీచర్. ఆయన తిట్టారు" అంది. టీచరు నా వైపు చూసింది. "లెక్కల్లో నోరు తెరవని పిల్ల మేడమ్. ఈ కాగితం మడతలతో మొన్ననే కాస్త మొదలుపెట్టింది" అని మెల్లగా అని, పిల్లతో "నిన్ను కాదమ్మా. వెనకాల ఏదో టీవీ మోగుతూ ఉండుంటుంది. అంతేగా మేడమ్?" అంది.

నేను తలూపాను.

రిబ్బన్ల పిల్ల నన్ను చాలాసేపు చూసింది. "టీవీ కాదు" అంది. "టీవీలో అయితే ఆవిడ ఏడుస్తుంది. ఈవిడ ఏడవలేదు."

సాయంత్రానికి లీడ్ ఫోన్ చేశాడు. ముందు పాపం కంగారుపడ్డాడు, తర్వాత ధైర్యం చెప్పాడు. "సరిచెయ్యడం రెండు నిమిషాల పని మేడమ్. ఆ ముక్క తీసేసి ఉత్త నిశ్శబ్దం పెట్టేస్తాం. కాకపోతే లోపాల నివేదిక మీరే నింపాలి, పాఠం మీది కదా. శబ్దం ఎక్కడిది అన్న గడిలో టీవీ సీరియల్ అని రాసెయ్యండి. ఎవరూ తిరిగి అడగరు." తప్పు దొర్లిన శబ్దం ముక్కతో సహా ఆ నివేదిక పాఠానికి సాయపడ్డ నలభైమంది టీచర్లకీ వెళుతుంది. వాళ్లు దాన్ని చూసుకునే క్లాసులో పిల్లలకి చెబుతారు. అంటే రిబ్బన్ల పిల్లకి రేపు ఇంకోసారి, ఈసారి కాగితం మీద రాసి మరీ, నువ్వు విన్నది నువ్వు వినలేదని చెబుతారన్నమాట.

మావారికి నేనే చెప్పాను. బయటినుంచి తెలిస్తే ఇంకా ఘోరంగా ఉంటుందని. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి "ఏదీ, వినిపించు" అన్నాడు. వినిపించాను. మొహం ఎర్రబడుతుందనుకున్నాను. సిగ్గుపడతాడని కాదు గానీ, కనీసం ఉలిక్కిపడతాడని అనుకున్నాను. ఆయన రెండోసారి పెట్టించుకుని, సర్క్యూట్‌లో తప్పు వెతికినట్టు జాగ్రత్తగా విని, "ఇందులో ఏముంది? మామూలుగానే మాట్లాడాను కదా" అన్నాడు. నటించడం లేదు. నిజంగానే ఆయనకి ఏమీ వినిపించలేదు. ఆ క్షణాన నాకు వేసినంత భయం ఆయన అరిచినప్పుడెప్పుడూ వెయ్యలేదు.

నివేదిక నలభైమందికి వెళుతుందనగానే మాత్రం ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ టీచర్లలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లే, తెలుసా నీకు? నా గొంతు గుర్తుపడితే? కావాలనే పెట్టావా ఇది?"

"కావాలని ఎలా పెడతానండీ? అందులో నా గొంతూ ఉంది కదా."

"నీ గొంతు ఎవడికి తెలుసు?" అన్నాడు. అదీ నిజమే. "టీవీ అని రాయి. ఇంకేమైనా రాశావో, ఆ ఉద్యోగం రేపే మానేస్తున్నావు. ఇంట్లో కూర్చుని ఇంటాయన మాటలు రికార్డు చేసి ఊరికి వినిపించే ఉద్యోగం మనకి అక్కర్లేదు."

అత్తగారు ఫ్రిజ్ దగ్గరనుంచే అందుకుంది. "మగాడు అలిసిపోయి ఒక మాటంటాడు. దాన్ని నలుగురికీ చాటుకుంటారటమ్మా? నా కాలంలో ఇలాంటి పెట్టెలు లేవు, బతికిపోయాం." ఆవిడ గొంతులో నా మీద కోపం కన్నా వేరే ఏదో ఉన్నట్టనిపించింది. ఆవిడకీ ఒక టేపు ఉండి ఉంటే అందులో ఏముండేదో అడగాలనిపించింది. అడగలేదు.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే మా అమ్మాయి వచ్చి తుడిచే గుడ్డ అందుకుంది. పదమూడేళ్లు. గిన్నెలు తుడవమంటే మామూలుగా మూడుసార్లు బతిమాలించుకుంటుంది. రెండు పళ్లేలు తుడిచి, మూడోది చేతిలో పట్టుకుని, "అది నా టెస్టుల ముందు వారంది, బుధవారం" అంది.

"ఏది?"

"నువ్వు డాడీకి వినిపించావే, అది. ఆ రోజు ఛార్జర్ కనబడలేదని అరిచారు. ఛార్జర్ కాలేజీలో మర్చిపోయి వచ్చారు, మర్నాడు తెచ్చుకున్నారు. నువ్వు సారీ చెప్పాక ఇంకో మాట కూడా అన్నారు. అది ఇందులో పడలేదు."

నాకు గుర్తులేని రోజు దానికి వారంతో సహా గుర్తుంది. పక్కగదిలో తలుపు వేసుకుని చదువుకుంటోందని, చెవుల్లో పాటలున్నాయని, చిన్నపిల్లకి ఇవన్నీ పట్టవని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. చేతులు నురగలోనే ఉంచి నిలబడ్డాను. "నీకు భయం వేసిందా?" అని అడిగాను.

"లేదమ్మా. నువ్వు సారీ చెప్పేశావు కదా." పళ్లెం తుడిచి అరలో పెట్టింది. "మన తప్పు లేకపోయినా ముందే సారీ చెప్పేస్తే గొడవ అక్కడితో ఆగిపోతుంది. నేనూ స్కూల్లో అలాగే చెప్పేస్తా. ఎవరేమన్నా. పనిచేస్తుందమ్మా, నిజంగా."

పాఠం పిల్లలకి ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర నానా పరీక్షలున్నాయి. ఏడేళ్లలో నేను రాసిన ఏ పాఠమూ ఎవరికీ ఇంత బాగా ఎక్కలేదు. "చెయ్యి తుడుచుకో" అన్నాను. అది వెళ్లిపోయాక కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. కుళాయి ఎందుకు తిప్పానో తర్వాత తట్టింది. ఏడుపు కూడా నేను ఎవరికీ వినబడకుండానే ఏడుస్తాను.

మర్నాడు పొద్దున్న టీచరుకి ఫోన్ చేసి బడికి వస్తున్నానన్నాను. పరీక్ష రోజు కాదు, నాకు అక్కడ పనేమీ లేదు. అత్తగారి మాత్రలు విడివిడిగా కాగితాల్లో పెట్టి, ఏది ఎప్పుడో రాసిపెట్టాను. "ఇంట్లోనే ఉంటావనుకున్నానే" అంది ఆవిడ. "ఇవాళ లేనండీ" అన్నాను. మావారు అప్పటికే కాలేజీకి వెళ్లిపోయాడు, వెళ్తూ వెళ్తూ "టీవీ" అని ఒక్కమాట అని, వేలు చూపించి మరీ వెళ్లాడు.

టీచరు రిబ్బన్ల పిల్లని వరండాలోకి పంపి తను లోపలే ఉండిపోయింది. ఆవిడకి నిన్ననే అర్థమైపోయిందని ఆ పద్ధతిలోనే తెలిసింది. పిల్ల స్తంభానికి ఆనుకుని నిలబడింది. నేను కింద మెట్టుమీద కూర్చున్నాను, కళ్లు ఎదురుగా రావాలని.

"నిన్న నేను తలూపాను కదా. అది అబద్ధం" అన్నాను. "అది టీవీ కాదు. ఆయన తిట్టింది నిన్ను కాదు, నన్ను. ఆ సారీ చెప్పింది నేను."

ఆ పిల్ల నమ్మలేదు. నమ్మాల్సిన అవసరమూ దానికి లేదు, ఒకసారి మోసం చేసినదాన్ని కదా. "ఏదీ, అనండి" అంది.

"ఏమని?"

"సారీ అండీ అనండి."

అన్నాను. సాధన అక్కర్లేకపోయింది. నోరు తెరవగానే టేపులో ఉన్నట్టే, అదే వేగంతో, అదే వంగిన గొంతుతో మొత్తం బయటికి వచ్చేసింది. అల్మారా లేదు, ఎదురుగా ఆయన లేడు. అయినా భుజాలు వాటంతటవే ముందుకి ముడుచుకున్నాయి. పిల్ల శ్రద్ధగా విని, తల పంకించి, "మీరే" అంది. తర్వాత నా పక్కన వచ్చి కూర్చుంది. "మరి మీరేం తప్పు చేశారు?"

మామూలుగా నా దగ్గర ఈ ప్రశ్నకి జవాబులు బోలెడు. పిలిస్తే వెంటనే పలకలేదు. వస్తువు దాని చోట పెట్టలేదు. ఆయన అలసటని గమనించలేదు. ఒక్కొక్కటీ నోటిదాకా తెచ్చుకుని, ఈ పిల్ల ఎదుట పెడితే ఎలా ఉంటుందా అని చూసుకున్నాను. ఒక్కటీ నిలబడలేదు. "ఏమీ చెయ్యలేదు" అన్నాను. "నువ్వూ చెయ్యలేదు. నువ్వు సరిగ్గానే మడుస్తున్నావు."

పిల్ల లెక్క సరిచూసుకున్నట్టు కాసేపు ఆలోచించింది. నేను తొందరపెట్టలేదు.

"మీరేం తప్పు చెయ్యలేదని ఆయనకి చెప్పారా?" అంది.

"ఇంకా లేదు" అన్నాను.

అది లోపలికి వెళ్లాక కంప్యూటర్ గదిలో ఒక్కదాన్నే కూర్చుని నివేదిక తెరిచాను. శబ్దం ఎక్కడిది అన్న గడిలో రాశాను: మా ఇంట్లోది. టీవీ కాదు. మొదటి గొంతు నా భర్తది, రెండోది నాది. అది విన్న పిల్లలందరికీ, అందులో ఎవరి తప్పూ లేదని, నా తప్పు కూడా లేదని చెప్పండి. ఎప్పటినుంచి ఉంది అన్న గడిలో చాలామంది పాఠం తయారైన తేదీ రాస్తారు. నేను మా పెళ్లయినప్పటినుంచి లెక్కేసి పదిహేనేళ్లు అని రాశాను. రెండుసార్లు అచ్చుతప్పులు పడ్డాయి, దిద్దుకున్నాను. ఉద్యోగం పోతుందేమో. ఇంట్లో ఈ రాత్రి ఏం జరుగుతుందో తెలియదు. మా అమ్మాయి అన్నట్టు, టీవీ అని రాసేస్తే గొడవ ఇక్కడితో ఆగిపోతుంది.

పంపే ముందు ఎవరెవరికి వెళ్లాలో ఒకసారి చూసుకున్నాను. నలభైమంది టీచర్లు, మా లీడ్. ఆ వరస చివర ఇంకో చిరునామా నేనే టైపు చేశాను. మావారిది.